ఓనరు ఈశ్వరప్ప

"ఈశ్వరప్ప గారేనా మాట్లాడేది?" అని అవతలి గొంతు అడిగితే, "ఆ, చెప్పండి సార్," అనేశాడు ధనుంజయ. ఈశ్వరప్ప అతని తండ్రి. పోయి నాలుగేళ్ళు దాటింది. అవతలి మనిషి ఇన్సూరెన్సు సర్వేయరు. పెనుకొండలో ఇంకో బండి చూసుకుని హిందూపురం చేరడానికి గంట పడుతుందనీ, అంతదాకా జీపు మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడమనీ, కాగితాలన్నీ ఒరిజినల్సే దగ్గర పెట్టుకోమనీ చెప్పి పెట్టేశాడు. ధనుంజయ ఆ ఫోనును ఎడమ జేబులో వేసుకున్నాడు. కుడి జేబులో ఉన్నది తన ఫోను, ఎడమ జేబులోది నాయనది. బటన్ల ఫోను, ఆరో అంకె అరిగిపోయి కనిపించదు. పాలసీ మీద ఆ నంబరే ఉంది కాబట్టి సిమ్ము చావనివ్వకుండా రీచార్జి చేయిస్తూ వచ్చాడు. దాంట్లోకి మెసేజీలు వస్తుంటాయి. ప్రియమైన ఈశ్వరప్ప గారూ మీ ప్రీమియం గడువు దగ్గర పడింది, ప్రియమైన ఈశ్వరప్ప గారూ మీకు జన్మదిన శుభాకాంక్షలు. నాయన బతికున్నన్నాళ్ళూ ఆయన పుట్టినరోజు ఎప్పుడో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు, బళ్ళో అయ్యవారు తోచినట్టు వేసిన తేదీ అది. మనిషి పోయాక మాత్రం ఏటా తప్పకుండా శుభాకాంక్షలు అందుతున్నాయి.

గంట. పది కొట్టి ఐదు నిమిషాలయింది. శంకరప్ప షెడ్డు ముందు రేకుల నీడలో, ఎప్పటిదో బస్సులోంచి ఊడదీసిన సీటు మీద కూర్చుని ధనుంజయ జీపు వైపు చూశాడు. చేయడానికి వేరే పనేం లేదు. ఎడమ మడ్‌గార్డు లోపలికి ముడుచుకుపోయింది, దీపం ఉన్నచోట గుంట మిగిలింది, దాని చుట్టూ ఉండే రింగు ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది, బంపరు కొస చక్రం వైపు వంగింది. ఇంతే. తనకైతే గీత కూడా పడలేదు. రంగు లేచిపోయిన చోట కింద ఇంకో రంగు బయటపడింది, ముదురు ఆకుపచ్చ, నాయన అనంతపురంలో ఏదో సర్కారు ఆఫీసు వేలంలో పాడుకున్నప్పటి రంగు. ఆ తర్వాత నాయన దానికి బూడిద రంగు వేయించాడు, ఎందుకు నాయనా అంటే మన దుమ్ము మన రంగులోనే ఉంటే రోజూ కడిగే పని తప్పుతుందన్నాడు. నలభై ఐదేళ్ళ పాత బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకప్పా అని పెనుకొండ ఏజెంటు నవ్వితే, నువ్వు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారులే అని ఆయన్నే కూర్చోబెట్టి ఫోటోలు తీయించి, విలువ కట్టించి మరీ చేయించాడు. ఎద్దుకు మేత వేసినట్టే బండికి పాలసీ కట్టాలి అనేవాడు. ఆ ఏజెంటే నాయన పోయాక, పేరు మార్చాలంటే నూరు తిరుగుళ్ళు తిరగాల, నడిచినన్నాళ్ళు నడవనీలే ధనుంజయా అన్నాడు. నడిచింది. రెన్యువల్ కాగితాల మీద మూడక్షరాల సంతకం, ఈశ్వర అని, చివర రకారం తోక కిందికి లాగి. మొదటి ఏడు చిత్తుకాగితం మీద నాలుగుసార్లు పెట్టి చూసుకున్నాడు. రెండో ఏడు ఆ అవసరం పడలేదు. నాలుగో ఏటికి నాయన పెట్టినదానికన్నా నాయన సంతకంలాగానే కుదిరింది.

శంకరప్ప లోపల ఏదో ఆటో తలుపును చెక్క సుత్తితో మెల్లగా కొడుతున్నాడు. సొంతూరు అగళి, హిందూపురం వచ్చి ముప్పై ఏళ్ళయినా మాటలో కన్నడం పోలేదు. ఈ చుట్టుపక్కల పాత జీపు రేకు తెలిసిన చెయ్యి అదొక్కటే. సుత్తి ఆపి బయటికి వచ్చి, మడ్‌గార్డు మీద వేలితో తట్టి చూసి, "ఇప్పుటి బండ్లది రేకేనాప్పా? బొటనేలితో ఒత్తితే లోపలికి పోతాది. ఇది మార్చేది బ్యాడ, వద్దు. కొట్టి నేనే సాపు చేస్తా, నీ మొగం కనపడేట్ల," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫోన్లో ఓనరు నువ్వేనన్నెవా? మంచి పని చేసినావు. వాళ్ళకేం తెలుస్తాది? ఒక గీత గీకితే దుడ్లు వాళ్ళిస్తారు, లేకుంటే నీ చేతినించి పోతాయి. మీ నాయన ఏమన్నా లేచొచ్చి వద్దంటాడా?" అన్నాడు. ధనుంజయ నవ్వాడు. నవ్వు వచ్చిందని తర్వాత గమనించాడు. నిజానికి ఖర్చు గురించి కాదు, మొన్న పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు ఇంట్లోనే ఉంది. క్లెయిమ్ చెయ్యమన్నది భార్య సుమ. కట్టేది ఎందుకు మరి అంది. ఆ మాటకు జవాబు చెప్పాలంటే కట్టింది ఎవరి పేరున అన్నదగ్గర మొదలుపెట్టాలి.

ఫారంలో ప్రమాదం ఎలా జరిగింది అన్న గడిలో కుక్క అడ్డం వచ్చినందున అని రాశాడు. కుక్క లేదు. ధర్మవరంలో ఆ వీధిలో కుక్కలుంటే ఉండవచ్చు గానీ ఆ పొద్దు ఏదీ అడ్డం రాలేదు. ప్రమాద స్థలం ధర్మవరం అని మాత్రం నిజమే రాశాడు. సర్వేయరు వచ్చి అడగవచ్చు, రొద్దం పక్క రైతువు, ధర్మవరంలో నీకేం పని అని. పట్టుచీర కొనడానికి అంటే సరిపోతుంది. ధర్మవరానికి అందరూ అందుకే పోతారు. తను పోయింది చెల్లెలి సంతకం కోసం. నాయన పేరు తీసి తన పేరు ఎక్కించాలంటే వారసుల సర్టిఫికెట్టు కావాలి. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చిన కాగితంలో ఒకటో వరుసలో ధనుంజయ అని రాసుకున్నాడు. రెండో వరుస దగ్గర పెన్ను ఆగింది. రాయకుండా వదిలేస్తే ఎవరూ అడగరు, ఊళ్ళో అందరూ ఆ అమ్మాయి ఇంటిమీద అలిగి తెంచుకుపోయిందనే అనుకుంటున్నారు. ఆ కాగితం అట్లే మడిచి మూడేళ్ళు పెట్టుకున్నాడు. పది రోజుల కింద సుమ, "పోయి అడుగు. లేదంటే లేదనిపించుకోనన్నా రా," అంది. మోటారు సైకిల్ మీద పోవచ్చు, బస్సు ఉంది, అయినా జీపే తీశాడు. ఎందుకు తీశాడో పెనుకొండ దాటిందాకా అనుకుంటూనే ఉన్నాడు. హైవే మీద లారీలన్నీ దాటిపోతుంటే ఎడమ అంచున యాభై మీద పోతూ, తను మాట్లాడలేకపోతే జీపు మాట్లాడుతుందని అనుకున్నాడేమో. అట్లా అనుకునే మనిషి కాడు తను.

ఆ వీధిలో ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది, ఒక ఇంటిది ఆగితే పక్కింటిది అందుకుంటోంది. వీధి మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు ఒక చీరను చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు, వంకాయ రంగు చీర, మడత మడతకూ ఒకరికొకరు దగ్గరగా నడుస్తున్నారు. ఇటు వీపు పెట్టి ఉన్నది చెల్లెలు తనూజ. తొమ్మిదేళ్ళ తర్వాత వీపు చూసి గుర్తుపట్టాడు. జీపు చప్పుడు విని ఆమె చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరగకముందే ఆగిపోయాయి, అది అతను చూశాడు. ఆ ఇంజను చప్పుడు ఆమెకు కొత్తది కాదు. తిరిగేలోపు తను స్టీరింగు కుడికి కోసి, సందులోకి తిప్పి, వచ్చిన దారినే పోదామని గట్టిగా తొక్కాడు. కరెంటు స్తంభం ఎడమ పక్కన ఉంది, పోతున్నప్పుడు చూసిందే. రేకు ముడుచుకున్న చప్పుడు, అద్దం రాలిన చప్పుడు, వెనక ఎవరో అన్నా అని కేకేసిన చప్పుడు. వెనక్కి తీసి, మళ్ళీ ముందుకు పోనిచ్చి, ఏ దారో కూడా చూసుకోకుండా ఊరు దాటి తాడిమర్రి పోయే బాట దగ్గర గానీ ఆపలేదు. దిగి మడ్‌గార్డు చూసుకుంటే మనసులో ఏమీ లేదు. బాగు చేయించాలి అనుకున్నాడు, అంతే.

నిజం చెప్పాలంటే ఆ జీపు తోలడం ముందు వచ్చింది తనూజకే. పెన్నలో నీళ్ళు లేని కాలం, ఎప్పుడూ లేని కాలమే, నాయన ఇద్దర్నీ ఏటి ఇసుకలోకి తీసుకుపోయేవాడు. తనకు పద్దెనిమిది, ఆ పిల్లకు పదిహేను. తను కూర్చుంటే చక్రాలు ఇసుకలో గుంట తవ్వుకునేవి, భయంతో ఇంకా తొక్కేవాడు, ఇంకా దిగబడేది. తనూజ దిగి చూసి, ముందు చక్రాలకు కూడా గేరు పట్టించి, ఊపిరి బిగబట్టి మెల్లగా, చంటిబిడ్డను లేపినట్టు లేపేది బండిని. నాయన గట్టు మీద బీడీ వెలిగించుకుని, వీడి కాళ్ళు వాళ్ళమ్మవి, దీనివి నావి అనేవాడు. అమ్మ అప్పటికే లేదు. తనకు కోపం వచ్చేదా? వచ్చి ఉండాలి. ఇప్పుడు వెతికితే దొరకదు, ఇసుక వేడి మాత్రం అరికాళ్ళకు తెలుస్తుంది. పట్టుగూళ్ళు మూటలు కట్టి హిందూపురం మార్కెట్టుకు తోలినప్పుడు కూడా ఆ పిల్లే నాయన పక్కన. డిగ్రీ ఈ హిందూపురంలోనే చదివింది. మగ్గం నేసేవాళ్ళ అబ్బాయిని ఇక్కడే చూసుకుంది. మన గూడు వాళ్ళ మగ్గానికి పోతాది, బిడ్డ గూడా పోవల్లనా అని నాయన అడిగాడు, అరవలేదు, అడిగాడు. ఆ పిల్ల పోయాను నాయనా అంది. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు ఎత్తొద్దన్నాడు, ఎత్తలేదు. ఎత్తొద్దన్నది నాయన. ఐదేళ్ళకు నాయన పోయిన సాయంత్రం ఇంటి ముందు జనం చేరితే, పెద్దమనుషులు బిడ్డకు చెప్పినారా అని అడిగారు. చెప్పినా, రానన్నది అన్నాడు తను. ఫోను చేతిలో ఉంది, నంబరు అందులో ఉంది, నాలుగడుగులు పక్కకు పోతే చాలు. నాయన మాట నిలబెట్టానని కొన్నాళ్ళు అనుకున్నాడు. బావి పక్క రెండెకరాల మల్బరీ తోటకు చెల్లెలు ఎక్కడ అడ్డం వస్తుందోనని కాదు కదా అని ఇంకొన్నాళ్ళు అనుకున్నాడు. కాదు అని గట్టిగా అనలేడు. మూడో నాడు ఎవరి ద్వారానో విని తనూజ ఒక్కతే వచ్చింది, ఇంటికి రాలేదు, తోట అంచున సమాధి దగ్గర కాసేపు నిలబడి, ఆటో ఎక్కి పోయింది. అతను దూరం నుంచి చూశాడు. పలకరించలేదు. సమాధి మీద పాలు పోసేటప్పుడు ఎవరో ఆ పిల్ల రాతిగుండెది అంటే విని ఊరుకున్నాడు.

సర్వేయరు పదకొండు దాటాక మోటారు సైకిలు మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుని, మంచినీళ్ళు కూడా అడక్కుండా జీపు చుట్టూ తిరిగాడు. ఫోటోలు తీశాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. ఎంత బాగా పెట్టుకున్నారండీ అన్నాడు, అందులో మెప్పు నిజమే. శంకరప్ప తన సుత్తి గురించి చెప్పడం మొదలుపెడితే తల ఊపుతూనే బ్యాగులోంచి ఫారం తీసి, బానెట్ మీద పరిచి, పెన్ను మూత తీశాడు.

"ఈశ్వరప్ప గారూ, మీ ఆధార్ ఇవ్వండి. ఇక్కడొక సంతకం."

ధనుంజయ పెన్ను అందుకున్నాడు. ఫారం మీద ఓనరు ఈశ్వరప్ప అని అచ్చులో ఉంది, దాని కింద గీత. శంకరప్ప పనేదో ఉన్నట్టు ఆటో వైపు తిరిగాడు. మూడక్షరాలు. చెయ్యికి వాటి దారి తెలుసు. ఆ తెలియడమే అతనికి వింతగా అనిపించింది, పక్కన నిలబడి ఇంకెవరి చెయ్యో చూస్తున్నట్టు. ఇప్పుడు ఈ మనిషి ముందు సంతకం పెడితే నాయన ఇంకో ఏడు బతుకుతాడు, ఏడాదికొకసారి పుట్టినరోజు చేసుకుంటూ, తనూజ ఇంటి ముందు స్తంభానికి కుక్క అడ్డం వచ్చి గుద్దుకుంటూ.

"ఈశ్వరప్ప మా నాయన సార్," అన్నాడు. "ఆయన లేడు. పోయి నాలుగేండ్లాయ. బండి తోలింది నేను."

సర్వేయరు అతని మొహంలోకి చూశాడు. "మరి ఫోన్లో..."

"నేనే మాట్లాడినా. అలవాటైపోయింది సార్. కుక్క గూడా రాలేదు. నేనే గుద్దినా."

సర్వేయరు పెన్ను తీసుకుని మూత పెట్టాడు. కోప్పడలేదు. చాలా చూసినవాడిలా ఉన్నాడు. "ఇది నడవదండీ. నేను ఉన్నదున్నట్టు రాయాల్సిందే, మీరు ఆశ పెట్టుకోవద్దు. ముందు ఆర్‌సీ మార్పించుకోండి, తర్వాత పాలసీ. లేకపోతే రేపు రోడ్డు మీద మనిషికి తగిలితే మీ గతేంటి? వారసులు ఎంతమంది?"

ఒక్కణ్ణే అన్నా ఆ మనిషి రాసుకునేది లేదు, పెట్టేది లేదు, ఊరికే అడిగిన మాట.

"ఇద్దరం," అన్నాడు ధనుంజయ. "చెల్లెలుండాది. ధర్మవరంలో."

"అయితే ఆమెతో సంతకం పెట్టించండి, సరిపోతుంది," అని సర్వేయరు కాగితాలు సర్దుకుని బండెక్కాడు. పోయాక శంకరప్ప తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమప్పా, సుమ్నె, ఊరికే ఒక గీతకు ఇంత చేసినావు. ఇప్పుడు కొట్టల్లనా, వద్దా?"

"కొట్టు. దుడ్లు నేనిస్తా."

జీపులోకి ఎక్కి స్టీరింగు వెనక కూర్చున్నాడు. తన ఫోను తీస్తుంటే ఎడమ జేబులోది కూడా చేతికి వచ్చింది. ఆ నంబరు తనూజ ఫోన్లో ఏ పేరుతో ఉందో తెలుసు, తీసేసి ఉంటుందని నమ్మకం లేదు. దాన్ని మళ్ళీ జేబులో పెట్టి తన ఫోనుతో చేశాడు. నాలుగుసార్లు మోగింది.

"ఎవురు?" వెనక మగ్గం ఆడుతోంది.

"నేను. ధనుంజయ."

మగ్గం చప్పుడు తగ్గింది, ఆమె బయటికి నడిచినట్టుంది. "నీకేమన్నా తగిలిందా ఆ పొద్దు? నేను పరిగెత్తుకోని వచ్చేలోగా పోతివి."

"లేదు. మడ్‌గార్డు పోయింది." ఫోను చెవి మార్చుకున్నాడు. "జీపు ఇంకా నాయన పేరు మీదనే ఉండాది. నీ సంతకం కావల్ల. అదొక్కటే కాదు. నాయన పోయినప్పుడు నీకు చెప్పినా, రానంటివి అని ఊళ్ళో చెప్పింది నేను."

"తెలుసు," అంది తనూజ. "సంతకం పెడతాలే, దానికేముంది. రానంటినని వాళ్ళకు చెప్పింది నువ్వు, లేదని చెప్పేది గూడా నువ్వే చెప్పుకో. నాకొకటి చెప్పు. నాయన ఎట్ల పోయినాడన్నా? ఎవుర్నడిగినా గుండె ఆగింది అంటారు. అది కాదు. ఎట్ల పోయినాడు?"

శంకరప్ప సుత్తి మొదటి దెబ్బ వేశాడు. సీటు కింద ఇనుము కదిలింది. ధనుంజయ దిగలేదు. ఎవరికీ చెప్పని సంగతి ఇంత మామూలుగా గొంతులోకి వస్తుందని అనుకోలేదు.

"మధ్యాహ్నం ఆకు కోస్తాండె. పట్టుపురుగులు నాలుగో జ్వరం తీరి పొర విడిచినాయి, ఆకు శానా కావల్ల. వచ్చి కూర్చుని నీళ్ళడిగె. ఎద పట్టేసిందనె. జీపులో ఎక్కించుకుంటి. పక్క సీట్లోనే."

"నన్నేమన్నా అడిగినాడా?"

అడిగాడు అనవచ్చు. అటువంటి మాటను చెడ్డ మాట అని ఎవరూ అనరు. సుత్తి రెండుసార్లు పడేదాకా ఆ మాట నాలుక మీదే ఉంది.

"లేదమ్మా. అడగలేదు. క్లచ్చి మీద కాలు పెట్టి తోలొద్దురా, ప్లేటు అరుగుతాదనె. అదే కడామాట."

అవతల నవ్వో, ఊపిరో, చిన్న చప్పుడు. "ఆమైన?"

"ఆమైన మాట్లాడలేదు. రొద్దం దాటినాక తల నా పక్కకు వాలింది. నాకు తెలిసిపోయింది తనూజా. నిలపలేదు. పెనుకొండ ఆస్పత్రి దాకా తోలినా. ఆయనతో మాట్లాడతానే తోలినా."

"ఏం మాట్లాడినావు?"

సుత్తి చప్పుడు ఆగింది. శంకరప్ప రేకును అరచేత్తో తడిమి చూసుకుంటున్నాడు.

"ఆస్పత్రికి పోతానే చెల్లెలికి ఫోన్ చేస్తా నాయనా, నువ్వు ఊరికే ఉండు, అది వస్తాది అన్నా," అన్నాడు ధనుంజయ. "దావంతా అదే చెప్తా పోయినా."

ధర్మవరంలో మగ్గం ఆడుతూనే ఉంది, ఫోన్లో సన్నగా వినిపిస్తోంది. అతను ఫోను పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.